వంపు దగ్గర గిల్లుడు

నాకు ఒక సవతి ఉంది. విశాఖ పొలిమేరలో మొదలై గరువుపేట విమానాశ్రయం దాకా పొడుగ్గా పడుకుని ఉంటుంది. ఒక పక్క రైలు వంతెన, దాని నీడన ఆరు వరసల రోడ్డు, చివర్లో రన్‌వే. ఆ వంతెన మీద రోజూ రైలు నడిపేది నేనే. సవతిని తొక్కుకుంటూ పోయి జీతం తెచ్చుకునే అదృష్టం ఎంతమంది ఆడవాళ్ళకు దక్కుతుంది చెప్పండి. మొదట్లో అలా అనుకుని నవ్వుకునేదాన్ని కూడా.

నా పేరు నీలవేణి. నా మొగుడు అప్పలసూరి నాకు మేనబావ, మా నాన్న చెల్లెలి కొడుకు. చిన్నప్పటినుంచీ నాకు ఒకటే అలవాటు. చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి బావ ఎడమ భుజం గిల్లి పారిపోవడం. మరదలు బావను గిల్లితే మా వైపు ఎవరూ తప్పు పట్టరు. గిల్లకపోతేనే అడుగుతారు, ఏటే అలిగావా అని. పెళ్ళయ్యాక పారిపోవడం మానేశాను గానీ గిల్లడం మానలేదు. బావ భుజం రుద్దుకుంటూ "రాక్షసీ" అనేవాడు. ఆ మాట చెవిన పడితేగానీ నాకు తెల్లారినట్టుండేది కాదు.

ఐదేళ్ళ కిందట ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. విమానాశ్రయం, దానికి వెళ్ళే రైలు, కింద రోడ్డు, మూడింటికీ కలిపి ఒకే నిఘా సంస్థ. అంతకుముందు మూడింటికీ మూడు శాఖలుండేవి. స్తంభం బీటవారితే రోడ్డు వాళ్ళు రైలు వాళ్ళను చూపించేవాళ్ళు, రైలు వాళ్ళు విమానాల వాళ్ళను చూపించేవాళ్ళు. బీట మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది. ఇక అలా కుదరదని కాంక్రీటులో వెంట్రుకంత సన్నటి గాజుతీగలు పరిచారు. ఎక్కడ ఏ అదురు పుట్టినా ఆ తీగలకు తెలుస్తుంది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. లారీ వెళ్ళినా, గాలి వీచినా, స్తంభానికి మేక వీపు రుద్దుకున్నా కంప్యూటర్ గంట కొట్టేది. నాన్నా పులి కథలో లాగా ఆఖరికి గంట కొడితే తల తిప్పేవాళ్ళు లేకపోయారు.

డాక్టర్ సుభద్ర అనే ఆవిడ దానికి మందు కనిపెట్టింది. ఒంటిమీద చొక్కా ఉందని మనకు రోజంతా గుర్తుండదు. ఆ చొక్కాలో చీమ దూరితే మాత్రం చప్పున తెలుస్తుంది. కంప్యూటర్‌కు రాని ఆ తెలివి మనిషి చర్మానికి పుట్టుకతోనే ఉంది. కాబట్టి అదురులన్నీ తెచ్చి ఒక మనిషి చర్మం మీద పెట్టాలని ఆవిడ ఆలోచన. దానికోసం సన్నటి బనీను లాంటిది ఒకటి తయారుచేసింది. అది తొడుక్కుని కూర్చున్న మనిషికి దారంతా ఒంటిమీద నడుస్తుంది. మామూలువన్నీ చొక్కాలాగా మరుపున పడిపోతాయి, తేడా ఒక్కటే చీమలాగా కుడుతుంది. ఆ మనిషికి స్పర్శాధికారి అని పేరు పెట్టారు. ఆయన వద్దంటే విమానం దిగకూడదు, రైలు కదలకూడదు. చట్టం ఆయన ఒంటికి అంత బలం ఇచ్చింది.

ఆ ఒళ్ళు మా బావది. వంతెనల ఇంజనీర్లలో ఎంతోమందిని పరీక్షించి, ఎంచి ఎంచి నా కొంపకే వచ్చారు.

మొదటి రోజు బావ ఇంటికి వచ్చి చొక్కా విప్పి చూపించాడు. "రన్‌వే ఈపు మీద పడతాది. రోడ్డు కాలి మీద. నీ రైలు ఎడం చెయ్యెంట ఎక్కుతాది. ముచ్చెర్ల వంపు ఉంది సూడు, అది సరిగ్గా ఇక్కడ."

చూపించింది నేను గిల్లే చోటే.

"నా జాగా అద్దెకిచ్చీసావేటి బావా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అత్త కూడా నవ్వింది.

అయితే బావ ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఏ రైలు నంబరేదో, ఎవరు నడుపుతున్నారో స్పర్శాధికారికి తెలియకూడదట. తెలిస్తే మనవాళ్ళను కాపాడతాడని, గిట్టనివాళ్ళను పట్టిస్తాడని చట్టానికి భయం. ఇంట్లో ఆ ఊసు ఎత్తకూడదని, నా వారపు సెలవు ఏ రోజో కూడా బావకు చెప్పకూడదని నా చేత సంతకం పెట్టించుకున్నారు. బావ ఒంటిమీద నేను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నడిచి, సాయంత్రం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కూరలో ఉప్పు గురించి మాట్లాడుకోవాలి. సరే అనుకున్నాను.

కొన్నాళ్ళు బాగానే ఉంది. రన్‌వే తూర్పు కొస కింద మట్టి జారి డొల్ల పడితే, పైన గీత కూడా లేకుండానే బావ వీపు అది పట్టేసింది. వచ్చే విమానాలను ఆపి తవ్వి చూస్తే మనిషి పట్టేంత గొయ్యి. పేపర్లో వేశారు. అత్త ఆ పేపరు ముక్కను దేవుడి పటం పక్కన అంటించింది.

ఆ తరవాతే మొదలైంది. ఒకరోజు టీ గ్లాసు బావ ఎడమ చేతికిచ్చాను. పొయ్యి మీదనుంచి అప్పుడే దించిన టీ. అంచు పట్టుకోవాల్సింది పోయి గ్లాసు చుట్టూ వేళ్ళు వేసి పట్టుకుని, తాపీగా కబుర్లు చెబుతున్నాడు. అత్త చూసి గ్లాసు లాగేసింది. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయి ఉంది.

"ఈడికేటైందే నీలా? సెయ్యి కాల్తుంటే తెల్డం నేదేటి?" అంది అత్త.

బావ తన చెయ్యి తనే వింతగా చూసుకున్నాడు. డాక్టర్ సుభద్ర ముందే చెప్పిందట. దారిని వినే చర్మం మెల్లమెల్లగా ఇంటిని మరిచిపోతుంది. రెండేళ్ళకు బనీను తీసేస్తే తిరిగి వస్తుంది. ఇంకో రెండేళ్ళకు ఒప్పుకుంటే మాత్రం ఇక రాదు. ఇదంతా నాకు చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు.

నేను వెళ్ళి భుజం గిల్లాను. గట్టిగానే గిల్లాను. బావ అత్తతో మాట్లాడుతూనే ఉన్నాడు. నా గోరు గుర్తు భుజం మీద ఉంది, మనిషికి మాత్రం తెలియదు. అలా చెయ్యి తియ్యకుండా ఎంతసేపు నిలబడ్డానో. కన్నీళ్ళ కంటే ముందు ఒళ్ళుమంట వచ్చింది. ఎవడో లారీవాడు గుంతలో పడితే తెలుస్తుందట, కట్టుకున్న పెళ్ళాం గిల్లితే తెలియదట.

"రెండేళ్ళవగానే తీసేస్తావు కదా బావా," అని అడిగాను.

"తీసేస్తానే. ఒట్టు," అన్నాడు.

ఆ ఒట్టును పట్టుకునే రోజులు లెక్కపెట్టాను. ఈ కథలో నాకు కావలసింది అదొక్కటే. గడువు తీరాలి, బనీను పోవాలి, నేను గిల్లితే బావకు నొప్పి తెలియాలి.

ఇంతలో పుండు మీద కారం చల్లినట్టు ఇంకొకటి వచ్చింది. ఒక ఆదివారం అన్నాలు తింటున్నాం. బావ తనలో తను నవ్వుకుంటున్నాడు. ఏటని అడిగితే, "సెప్పకూడదు గానీ," అన్నాడు.

"సెప్పకూడని నవ్వు నవ్వకూడదు మరి."

"ఒక రైలుంది నీలా. పొద్దుటేల వస్తాది. ముచ్చెర్ల వంపు దగ్గర ఎంత మెత్తగా తిరుగుతాదో. సంటిపిల్లని నిద్దర లేపకుండా పక్కన పడుకోబెడతారు సూడు, అలాగ. అది వచ్చిందంటే సేతిలో ఉన్న పని ఆపీసి కూకుంటాను."

చెప్పి నా మొహంలోకి చూసి మళ్ళీ నవ్వాడు. చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాను. పొద్దుటివేళ ముచ్చెర్ల వంపు మీదికి వచ్చే రైళ్ళలో నాది ఒకటి, నా వెనకే తనూజది ఒకటి. తనూజ అంటే మా డిపోలో నాకంటే నాలుగేళ్ళు చిన్నది. ఆమె నడిపితే నిండు నీళ్ళగ్లాసు కూడా తొణకదని మా పర్యవేక్షకుడు అందరి ముందూ మెచ్చుకుంటాడు. నెమ్మదిగా మాట్లాడుతుంది, నెమ్మదిగా నవ్వుతుంది, జడ కూడా నెమ్మదిగానే వేసుకుంటుంది. నాకు ఆమెతో ఏ గొడవా లేదు. ఆ ఆదివారం నుంచి మాత్రం ఆమె మంచినీళ్ళు తాగుతున్నా నాకు కడుపు మండేది.

బావ ఏ తప్పూ చెయ్యలేదని నాకు తెలుసు. మనిషిని చూసైనా ఉండడు. అయినా సరే, నా చెయ్యి సోకితే చలనం లేని భుజం ఇంకో ఆడది నడిపే రైలుకు పులకరిస్తోందంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? నేను ఊరుకోలేదు.

మర్నాడు వంపు మధ్యకు రాగానే బ్రేకు ఒక్కసారి చటుక్కున నొక్కి వదిలాను. గిల్లుడన్నమాట. ఆ చోటు బావ భుజం కదా. ప్రయాణికులు కొంచెం ముందుకు తూలారు. అంతవరకు నొక్కడం యంత్రం లెక్కలో తప్పు కాదు కాబట్టి ఏ గంటా మోగలేదు. చిన్ననాటి మరదలి గిల్లుడు బావకు గుర్తు రాకుండా ఉంటుందా అనుకున్నాను. సాయంత్రం బావ ఏమీ అనలేదు. చాలలేదేమో అనుకుని తరవాతి రోజు ఇంకాస్త గట్టిగా గిల్లాను. రోజూ అదే వంపు, అదే స్తంభం. ఆ రైలు దాటాక బావ ఎక్కడో కూర్చుని "రాక్షసీ" అంటున్నాడని ఊహించుకుని, ఆ ఊహతోనే స్టేషన్ చేరేదాన్ని.

దాదాపు ఏడాది అలా గిల్లాను. ఇంట్లో బావ నెమ్మదిగా డీలా పడ్డాడు. రాత్రిళ్ళు ఎడమవైపు తిరిగి పడుకోలేకపోయేవాడు. తనూజ రైలు గురించి మాత్రం అప్పుడప్పుడూ చెప్పకుండా ఉండలేకపోయేవాడు. అది చెప్పిన మర్నాడు నా గిల్లుడు ఇంకా గట్టిగా ఉండేది.

గడువు దగ్గర పడింది. ఒకరోజు డాక్టర్ సుభద్ర ఫోన్ చేసింది.

"నీలవేణిగారూ, మీవారు ఇంకో గడువుకు ఒప్పుకున్నారు. చట్టం ప్రకారం మీ అంగీకారం కూడా కావాలి. ఒప్పందం కాగితం మీ డిపోకు పంపాను, అది తీసుకుని ఒకసారి ప్రయోగశాలకు వస్తారా?"

అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఒట్టు పెట్టిన మనిషి ఒప్పుకోవడమేమిటి? మెత్తటి రైలును వదల్లేక కాకపోతే. నా వారపు సెలవు రోజున, ఆ ఒప్పందం కాగితం చింపి ఆవిడ చేతిలో పెట్టాలనే వెళ్ళాను.

బావ పని చేసే గదిని నేను చూడడం అదే మొదలు. నడుమ ఒక వాలు కుర్చీ. బావ కళ్ళు మూసుకుని దానిమీద వెనక్కి వాలి ఉన్నాడు. గదికున్న అద్దపు గోడకు ఇవతల నిలబడ్డ నన్నూ, ఆవిడనూ బావ చూడలేదు. కాసేపటికి బావ చేతి వేళ్ళు వదులయ్యాయి. మొహం విప్పారింది. పెళ్ళైన కొత్తలో నేను పుట్టింటి నుంచి తిరిగి వచ్చినప్పుడు అలా ఉండేది ఆ మొహం. గోడ గడియారం చూశాను. తనూజ రైలు వేళ.

"చూశారా ఎంత ప్రశాంతంగా ఉన్నాడో," అంది సుభద్ర.

"చూస్తున్నాను," అన్నాను పళ్ళు బిగించి.

"రోజూ ఇలా ఉండడమ్మా. ఇవాళ ఆ రెండోది రాలేదు, అందుకు. వారానికి ఒక్కరోజే దానికి సెలవు. మిగతా రోజుల్లో ఈ మెత్తటి రైలుకు ముందే అది వస్తుంది. వచ్చి వంపు దగ్గర గుద్దుతుంది. యంత్రానికి అది మామూలు బ్రేకే. ఈయన ఒంటికి మాత్రం సుత్తి దెబ్బ. ఆ బనీను కింద భుజం ఎలా ఉందో మీకు చూపించలేదా? దానికో పేరు కూడా పెట్టుకున్నాడు. రాక్షసి అంటాడు."

ఏడాదిగా ఆ మాట కోసమే కదా నేను గిల్లింది.  

ఆవిడ తన ధోరణిలో చెప్పుకుపోతోంది. స్తంభానికీ పైన దూలానికీ మధ్య రబ్బరు మెత్తలు ఉంటాయి. రోజూ ఒకే చోట గుద్ది గుద్ది, వంపు దగ్గర మెత్త చిరగడం మొదలైంది, ఇంకా రైళ్ళు ఆపేంత కాదు గానీ. రైలులో లోపమో, పట్టాలో లోపమో, నడిపేవాళ్ళ లోపమో ఇక్కడ తెలియదు. ఎవరి రైలని అడిగే హక్కు స్పర్శాధికారికి లేదు. విచారణ కోరుతూ బావ రాశాడు గానీ, ఆ సంఘం కూర్చోవడానికే నెలలు పడుతుంది. కొత్త మనిషి చర్మానికి ఈ దారి అలవాటు కావడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ రాక్షసి ఏమిటో తేలకుండా కుర్చీ దిగితే, రోజూ దానిమీద వెళ్ళే వేలమంది గుడ్డిగా వెళ్ళినట్టే.

"అందుకే ఉండిపోతానంటున్నాడు. మా ఆవిడ కూడా ఆ వంతెన మీదే రైలు నడుపుతుంది మేడమ్, అన్నాడు నాతో," అంది సుభద్ర.

నా గిల్లుడే నా మొగుణ్ణి ఆ కుర్చీకి కట్టేసిందన్నమాట. నేను నోరు మూసుకుంటే బావ ఆ రాక్షసిని వెతుక్కుంటూ ఒళ్ళంతా దారికి రాసిచ్చేస్తాడు. చెబితే నా రైలు పోతుంది, బావ ఇంటికి వస్తాడు. నాకు లెక్క తేలిపోయింది. రైలు పోతే పోనీ. తనూజ రైలు ఆ భుజం మీద నుంచి దిగిపోతుంది కదా. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నాకు ముందు తట్టింది అదే.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. బావ కళ్ళు తెరిచాడు.

"నువ్వేటే ఇక్కడ?"

"బావా, ఆ రాక్షసి నేనే."

బావకు అర్థం కాలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చినా ఆపుకుని మొత్తం చెప్పాను. గిల్లుదామనుకున్నానని, నీకు గుర్తొస్తుందనుకున్నానని, నువ్వు ఆ మెత్తటి రైలును మెచ్చుకున్న కొద్దీ ఇంకా గట్టిగా గిల్లానని. అది తనూజ రైలని కూడా చెప్పాను. సంతకం పెట్టిన సంగతి గుర్తున్నా చెప్పాను. సుభద్ర గుమ్మంలోనే ఆగిపోయింది.

 బావ బనీను పైభాగం నెమ్మదిగా భుజం మీదనుంచి జార్చాడు. నేరేడుపండు రంగులో ఉంది భుజం. ఇంట్లో ఎప్పుడూ చొక్కా తియ్యకుండా తిరిగింది ఇందుకన్నమాట.

"ఆ మెత్తటిది నువ్వనుకున్నానే," అన్నాడు బావ.

బనీనును మళ్ళీ పైకి లాక్కున్నాడు.

"పేర్లు సెప్పరు కదా. నువ్వూ పొద్దుటేలే కదా వెళ్తావు. ఇంట్లో నీ సెయ్యి తెల్డం మానీసింది, ఇక్కడైనా తెలుస్తంది అనుకున్నాను. అది వచ్చినప్పుడల్లా, అదిగో మా నీల వచ్చింది, నాకు నొప్పెడతాదని మెల్లగా తిప్పుతంది అనుకునీవోణ్ణి. నీ మొహం సూసి నవ్వింది అందుకే."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఏడాదిగా నేను కుళ్ళింది నా మీద నేనే. ఆ పిల్లను చంకలోంచి దించి తనూజ చేతిలో పెట్టింది కూడా నేనే, ఇప్పుడే, నా నోటితోనే.

"పద బావా, ఇంటికి పోదాం," అన్నాను. "రాక్షసి ఎవరో తేలిపోయింది కదా. నా లైసెన్సు తీసుకోమను. నువ్వు కుర్చీ దిగు. ఒట్టేసావు."

బావ తల అడ్డంగా ఊపాడు. కోపంగా ఉంటే బాగుండేది, కోపం కూడా లేదు. "మెత్త సిరిగింది నీలా. మార్చాలంటే ఏడాదిన్నర పడతాది. అప్పటిదాకా రైళ్ళు మెల్లగా నడపాల, ఎంత సిరిగిందో రోజూ ఎవరో ఒకరు సూసుకోవాల. మన ఇంట్లోవాళ్ళు సింపినదానికి ఇంకొకడి ఒళ్ళు ఎలా ఇమ్మంటాను?"

కుడిచేత్తో పక్కనున్న ఎర్ర మీట నొక్కాడు. వంపు దగ్గర మెల్లగా నడపాలనే ఉత్తర్వు అందేదాకా, విశాఖ నుంచి గరువుపేట దాకా రైళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తరవాత నేను చింపుదామని తెచ్చిన కాగితం నా చేతిలోంచి తీసుకుని సంతకం పెట్టాడు. నన్ను పెట్టమనలేదు. కాగితం నా ముందు పెట్టి మొహం తిప్పుకున్నాడు. నేనే పెట్టాను. పెట్టకపోతే ఆ వంతెన మీద వెళ్ళేవాళ్ళ కళ్ళలోకి ఎలా చూస్తాను?

విచారణ జరిగింది. నా లైసెన్సు పోయింది. నాకు డిపోలో టికెట్ల గది ఇచ్చారు. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. పేపరు ముక్క ఇంకా దేవుడి పటం పక్కనే ఉంది. బావ ఇప్పుడు కాలు కింద పెట్టేటప్పుడు నేలను చూసుకుని పెడతాడు, ఎడమ చేతిలో గ్లాసు వేడో చల్లనో నేను చెప్పాలి. నేను భుజానికి మందు రాస్తే, రాయడం అయిందా అని అడుగుతాడు.

పొద్దుట పనికి నేను తనూజ రైలులోనే వెళ్తాను. ఇంకో రైలు లేక కాదు. ఆమె నన్ను చూస్తే తల వంచుకుంటుంది, పాపం ఆమెకేం తెలుసు. ముచ్చెర్ల వంపు రాగానే రైలు నెమ్మదిస్తుంది. ఎదురు సీటులోని ముసలాయన నిద్ర కూడా చెదరదు, అంత మెత్తగా తిరుగుతుంది. నేను ఊపిరి బిగబట్టి, కాళ్ళు కదల్చకుండా కూర్చుంటాను.

అక్కడ అద్దం వెనక కుర్చీలో బావకు ఆ రైలు తెలుస్తుంది. అది నేను కాదని కూడా ఇప్పుడు తెలుసు. అయినా నవ్వుతున్నాడా అని సుభద్రను ఒకసారి అడుగుదామనుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకుని కూడా పెట్టేశాను. నవ్వుతున్నాడంటే బతకలేను. నవ్వడం లేదంటే అసలే బతకలేను.